బీదల పద్దు ఎవరు రాయాలి?

“బీదలు ఎప్పుడూ మనతోనే ఉంటారని ప్రభువే చెప్పినాడు కదయ్యా. మనం ఎంత పెట్టినా అది తీరేది కాదు.”

కర్నూలు వైపు ఒక క్రైస్తవ సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అన్న మాట ఇది. ప్రహరీ గోడకు ఇంత, మైకు సెట్టుకు ఇంత, క్రిస్మస్‌కు ఇంత అని పద్దులు చదివాక, బీదల సహాయానికి ఈ ఏడైనా కొంచెం పెంచరాదా అని ఒక టీచరమ్మ అడిగింది. దానికి వచ్చిన జవాబు అది. వాక్యం ఎత్తి చెప్పాక ఇంకెవరు నోరు విప్పుతారు? చర్చ జనరేటర్ మరమ్మతు మీదికి వెళ్లిపోయింది.

చాలా సంఘాల్లో వినపడే జవాబే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. మత్తయి 26:11లో యేసు ఆ మాట అన్నప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు ధర్మశాస్త్రం వింటూ పెరిగినవాళ్లు. ద్వితీయోపదేశకాండము 15:11లో ఏముందో వాళ్లకు తెలుసు. బీదలు దేశంలో ఉండనే ఉంటారు, అందుకే నీ చెయ్యి చాచాలని నీకు ఆజ్ఞాపిస్తున్నాను అని ఉంది అక్కడ. మనవాళ్లు మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశారు. అదే అధ్యాయంలో 9వ వచనం ఇంకా గట్టిది. ఏడో ఏట అప్పులు విడిచిపెట్టాలి కాబట్టి, ఆ ఏడు దగ్గర పడ్డాక ఎవడైనా అడిగితే ‘ఎట్లాగూ తిరిగిరాని డబ్బే కదా’ అనుకుని ముఖం తిప్పుకోవడం పాపమంటుంది. అప్పిచ్చేవాడి మనసులో నడిచే లెక్కను కూడా ముందే ఊహించి రాసిన చట్టం అది.

బీదల విషయంలో బైబిలు జాలిపడమని చెప్పి ఊరుకోదు. తేదీలు చెబుతుంది, కొలతలు చెబుతుంది, డబ్బు ఎవరి చేతికివ్వాలో చెబుతుంది. కూలి పొద్దు గూకకముందే ఇవ్వాలి. తాకట్టు పెట్టుకున్న కప్పుడుబట్ట రాత్రికల్లా తిరిగివ్వాలి. చేను అంచులు కోయకుండా వదలాలి. మూడేళ్లకోసారి పంటలో పదోవంతు ఊళ్లోనే నిలవ చేసి లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేని పిల్లలకు, విధవరాండ్రకు పెట్టాలి. మన సంఘాలు ఈ పనిని పద్దు పుస్తకంలోంచి తీసి పండగ కార్యక్రమంలో కలిపేశాయి. నా ఫిర్యాదంతా ఇదే.

డిసెంబర్ చీరలు

క్రిస్మస్‌కు ముందు వారం మన కర్నూలు, అనంతపురం వైపు చాలా సంఘాల్లో ఒకటే తంతు. షామియానా, బల్ల మీద చీరల కట్టలు, పేరు పిలిస్తే ఒక్కొక్కరే రావడం, దాతతో ఫొటో, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ముప్పై ఫొటోలు. చీరలు పంచడం తప్పని అనను. పండగ పూట కొత్త బట్ట కట్టుకోవాలని ఎవరికుండదు? కానీ ఆ నెల చూడండి. అనంతపురం ఎర్రనేలల్లో శెనక్కాయ జూన్, జూలైలో వేస్తారు, అక్టోబర్, నవంబర్‌లో పీకుతారు. ఆదోని, ఆలూరు వైపు పత్తి తీతలు అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా నడుస్తాయి. నల్లరేగళ్లలో పప్పుశనగ కోత జనవరి, ఫిబ్రవరిలో. కూలి చేసుకునే ఇంట్లో నాలుగు రూపాయలు కనపడేది సరిగ్గా క్రిస్మస్ రోజుల్లోనే.

సంక్రాంతి దాటితే కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు లేచిపోతాయి. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, కొన్నిచోట్ల వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు. ఎండాకాలం వాళ్లు తిరిగొచ్చాక కరువు పని ఉంటుంది, ఆ డబ్బు ఖాతాలో ఎప్పుడు పడేది ఎవరూ చెప్పలేరు. జూన్‌లో వాన పడితే కలుపు పని, పడకపోతే అదీ లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వడ్డీకి తెచ్చిన డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది. ఆ నాలుగు నెలల్లో మీ సంఘం బీదల పద్దు కింద ఏం ఖర్చు రాసిందో ఒకసారి పుస్తకం తిరగేసి చూడండి.

ఎమ్మిగనూరు వైపు ఒక అవ్వ ఇంట్లో ట్రంకు పెట్టె మీద నాలుగు క్రిస్మస్ చీరలు, కవర్లు కూడా విప్పకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్క గూట్లో బీపీ మాత్రల అట్ట. ఒక్కో మాత్రను సగానికి కోసి ఆ సగాలను అగ్గిపెట్టెలో దాచుకుంది, నెలాఖరు దాకా రావాలని. “చీరలేం జేసుకునేది నాయనా, స్టీలు గిన్నెలోడు వస్తే ఒకటిచ్చి చెంబు తీసుకుంటి” అంది. సగం మాత్రతో బీపీ లొంగదు. రేపు పక్షవాతం వస్తే ఆ ఇంటికి అయ్యే ఖర్చు ముందు ఇన్నేళ్ల చీరల ఖర్చు ఒక లెక్క కాదు. పైగా అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే మాత్రలు. అక్కడికి పోయి వరుసలో నిలబడే ఓపిక ఆమెకు లేదు, వెంటబెట్టుకుపోయే మనిషి లేడు. ఆ సంఘం యవ్వనస్తుల్లో సగం మందికి బైకులున్నాయి.

లెక్క వేద్దాం. 80 కుటుంబాల పల్లె సంఘం, కానుకలు, దశమభాగాలు కలిపి నెలకు 24,000 రూపాయలు వస్తాయనుకుందాం. విశ్వాసుల్ని పదోవంతు ఇమ్మని అడిగే సంఘం తన రాబడిలో పదోవంతు బీదలకు తీసిపెడితే నెలకు 2,400. కిలో కందిపప్పు, లీటరు నూనె కలిపి 300కు అటూ ఇటూ. ఆరుగురికి నెలనెలా ఇస్తే 1,800. మిగిలే 600 ఆసుపత్రి ప్రయాణాలకు, ఉన్నట్టుండి వచ్చే అవసరాలకు. మొత్తం ఏడాదికి 28,800. ఇప్పుడు క్రిస్మస్ ఖర్చు చూడండి. 60 చీరలు 300 చొప్పున 18,000. దాని మీద షామియానా, కుర్చీలు, ముఖ్య అతిథికి శాలువా, అందరికీ భోజనం. ఆ 28,800 దాటకుండా ఉంటే గొప్పే. డబ్బు లేదని చెప్పే సంఘాలు చాలావరకు ఈ రెండో లెక్క వేసుకోలేదు.

బియ్యం ఎందుకివ్వరాదు, పప్పు నూనె ఎందుకు అనొచ్చు. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు ఊరికే వస్తున్నాయి. ఇంట్లో బియ్యం లేవంటే చాలాసార్లు కార్డులో ఏదో చిక్కుంటుంది: మిషన్ మీద వేలిముద్ర పడకపోవడం, కొడుకు వేరు పడ్డప్పుడు తల్లి పేరు ఏ కార్డులోనూ లేకుండా పోవడం. అలాంటి ఇంటికి పది కిలోల మూట మోసుకుపోయి ఇస్తే వచ్చే నెల మళ్లీ మోయాలి. సచివాలయానికి ఒక పూట తోడు పోయి కార్డు సరిచేయిస్తే ఆ మోత తప్పుతుంది. కొన్ని సంఘాల్లో స్త్రీల సమాజం వాళ్లు ఇప్పటికీ పిడికెడు బియ్యం తీసిపెడతారు. వండే ముందు రోజుకు ఒక్క పిడికిలి, సుమారు 50 గ్రాములు. 40 ఇళ్లు పట్టుబట్టి చేస్తే నెలకు 60 కిలోలు. మంచి అలవాటు, పోగొట్టుకోకూడదు. కాకపోతే ఆ బియ్యాన్ని సంఘంలోనే అమ్మి, ఆ డబ్బుతో పప్పు కొనడం ఈ కాలానికి తగిన పని.

ఇక్కడే ఇంకో మాట. పేద విధవరాలు తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన సంగతి కానుకలు ఎత్తే ప్రతిసారీ చెబుతారు. మార్కు 12లో ఆ కథకు సరిగ్గా పైన, 40వ వచనంలో, విధవరాండ్ర ఇళ్లను దిగమింగుతూ దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి హెచ్చరిక ఉంది. ఈ రెంటినీ కలిపి చదివి కానుకలు ఎత్తే ప్రసంగీకులు అరుదు.

పేర్లు ఎవరు రాస్తారు

జాబితా అనగానే చాలామంది పాస్టరు అయ్యగారి వైపు చూస్తారు. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. అపొస్తలుల కార్యములు 6లో మొదటి సంఘంలో వచ్చిన మొదటి గొడవ ఇలాంటిదే. రోజువారీ పంపకంలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు కాదని వాదించలేదు, మేమే చూసుకుంటామనీ అనలేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎవరి వైపు నుంచి వచ్చిందో పంపకం వాళ్ల చేతికే వెళ్లినట్టుంది.

మన సంఘాల్లో ఫిర్యాదు ఎటునుంచి వస్తుందో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఈ గేరికి (వాడకు) రెండు, ఆ గేరికి పది. కమిటీలో ఎవరుంటే వాళ్ల గేరిలోనే బీదలు కనపడతారు. ముగ్గురితో ఒక చిన్న బృందం వేయండి. ఒకరు కమిటీలో లేని గేరి మనిషి అయి ఉండాలి, ఒకరు విధవరాలు అయి ఉండాలి, అయ్యగారు మాత్రం ఉండకూడదు. అయ్యగారిని అనుమానించి చెప్పడం లేదు. చిన్న సంఘాల్లో ఆయన ఇల్లే కష్టంగా గడుస్తుంటుంది. ఆ మనిషి చేతికి బీదల డబ్బిచ్చి, రేపు ఆయన పిల్లకు జ్వరం వస్తే ఏం చేస్తాడో చూడటం ఆయనకు చేసే అన్యాయం. ఆయన ఇంటి అవసరానికి వేరే పద్దు ఉండాలి.

ఇళ్లు చూడటానికి ఆదివారం పోవద్దు. ఆ రోజు ఎవరైనా ఉతికిన బట్టలే కట్టుకుంటారు, ఇల్లు ఊడ్చి పెట్టుకుంటారు. మామూలు రోజున పొద్దు వాలాక వెళ్లండి, పొయ్యి వెలిగే వేళ. పింఛను వస్తోందా, ఎవరి చేతికి పోతోంది, గ్యాసు బండ మార్పించి ఎన్నాళ్లయింది, మందుల చీటీ మీద చివరి తేదీ ఏది, కరెంటు బిల్లు ఎన్ని నెలలది బాకీ, ఇవి కూర్చుని మాట్లాడుతుంటే తెలుస్తాయి. ప్రశ్నల కాగితం పట్టుకుపోతే ఏదీ తెలియదు. 1 తిమోతి 5లో పౌలు పెట్టిన నియమాలు ఇక్కడ పనికొస్తాయి. చూసుకోగల కొడుకులు, మనవళ్లు ఉంటే ముందు వాళ్లను పిలిచి అడగాలి, సంఘం మీద భారం పెట్టకూడదు. దిక్కులేని విధవరాలికి ముందు పెట్టాలి. 60 దాటినవాళ్ల పేర్లు లెక్కలో చేర్చాలి. ఇంత వివరంగా రాసిన పత్రిక ఉండగా మన జాబితాలు ‘ఫలానా ఆమె బాగా ఏడ్చింది’ అన్న దాని మీద తయారవుతున్నాయి.

గట్టిగా అడిగేవాళ్లకే అందుతుంది, పరువుకు వెరచి అడగనివాళ్లు మిగిలిపోతారు. ఒకసారి ఎక్కిన పేరు ఎప్పటికీ దిగదు. మూడు నెలలకోసారి జాబితా తిరగరాయాలి, కొడుకు కువైట్ నుంచి డబ్బు పంపడం మొదలుపెట్టిన ఇంటిని ఆపాలి, ఆపేముందు వాళ్లకే చెప్పాలి. కమిటీ ఎన్నికలయ్యాక కొత్తవాళ్లు పాత జాబితాను ‘వాళ్ల మనుషుల జాబితా’ అని చించేయడం అన్నిటికంటే పెద్ద దెబ్బ. అందుకే ఈ బృందం గడువు కమిటీ గడువుతో కలిసి ముగియకూడదు. మధ్యలో పడాలి.

లెక్క మాత్రం అందరికీ చదవాలి. ‘ఈ నెల ఆరు ఇళ్లకు ఇంత, రెండు ఆసుపత్రి ఖర్చులకు ఇంత’ అని చదివితే చాలు. పేర్లు చదవొద్దు, రిజిస్టర్‌లో ఇంటికో నంబరు వేసుకోండి, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు పెట్టండి. యెరూషలేము బీదల కోసం పోగు చేసిన చందాను తీతు ఒక్కడి చేతికే అప్పగించలేదు పౌలు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా వెంట పంపాడు, ఎవరూ మా మీద తప్పు మోపకూడదని 2 కొరింథీయులకు 8:20లో రాశాడు. పౌలుకే అంత జాగ్రత్త అవసరమైతే మన కోశాధికారికి ఎందుకు నామోషీ?

ఫొటోల గురించి మరీ గట్టిగా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే ఉంటుంది. క్రైస్తవం పుచ్చుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి, ఒక్క శాతం వాటాలోకి వస్తారు. ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. కానీ రెండు కిలోల పప్పు తీసుకుంటూ సంఘంలో దిగిన ఫొటో వల్ల ఒక కూలి మనిషి కుటుంబం కులం కాగితాలు ఊరందరి నోళ్లలో నానాల్సిన పని లేదు. యాకోబు 2లో బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి కింద కూర్చోమన్న సంఘం కనపడుతుంది. ఇప్పుడైతే ఆ రెండోవాడికి ఫొటో కూడా తీసేవాళ్లం.

21 రోజులు

సంఘం చేతిలో ఉండి ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది, చాలా చోట్ల చేయరు. చావు నమోదు.

కూలి చేసుకునే మగమనిషి చనిపోతే సంఘం అంతా వస్తుంది. పెట్టె తెస్తారు, గుంత తవ్విస్తారు, పాటలు పాడతారు, సమాధి చేస్తారు. సంఘం సమాధుల రిజిస్టర్‌లో పేరు ఎక్కుతుంది. ఆ ఇంటి ఆమె అదే చాలనుకుంటుంది. అది సరిపోదు. ప్రభుత్వంలో మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము కట్టాలి. ఆ తర్వాత ఏడాది లోపు పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. మరణ ధృవీకరణ పత్రం లేనిదే వితంతు పింఛను రాదు. 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 4,000. మనం ఏడాదికోసారి ఇచ్చే 300 రూపాయల చీర పక్కన పెట్టి చూడండి.

ఎక్కడ చిక్కు పడుతుందో కూడా తెలిసిందే. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో చనిపోయిన మనిషి చావు కర్నూలులో నమోదు కావాలి, సొంతూరి పంచాయతీలో కాదు. ఇది తెలియక ఊరి సచివాలయం చుట్టూ నెలలు తిరిగేవాళ్లున్నారు. ఇంటి దగ్గర చనిపోతే ఇంటివాళ్లే వెళ్లి చెప్పాలి, ఎవరో రాసుకుంటారులే అనుకుంటే గడువు దాటుతుంది. ఇక పేర్ల సంగతి. ఆధార్‌లో పెద్దన్న, రేషన్ కార్డులో ఏసోబు, సంఘం పుస్తకంలో యోసేపు. ముగ్గురూ ఒక్క మనిషే అని చావు తర్వాత రుజువు చేయడం ఆ విధవరాలి వల్ల అయ్యే పని కాదు. ఆధార్‌లో ఉన్న పేరే మరణ పత్రంలో రాయించాలి.

కాబట్టి సమాధి కార్యక్రమం అయిన వారంలో సంఘం నుంచి ఒక్కరు, పొడి అక్షరాలు వచ్చిన యవ్వనస్తుడైనా చాలు, ఆధార్ కార్డుల నకళ్లు పట్టుకుని ఆ ఇంటివాళ్లతో కలిసి వెళ్లాలి. పత్రం చేతికొచ్చాక పింఛనుకు దరఖాస్తు పెట్టించి, మొదటి నెల డబ్బు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి. జ్ఞాపకార్థ కూడికకు వంద మందికి భోజనాలు పెట్టమని ఆమెను ఒత్తిడి చేయడం ఆపితే ఇంకా మంచిది. ఆ భోజనాల అప్పు సమాధి ఖర్చును మించిన ఇళ్లున్నాయి.

అన్నీ ప్రభుత్వమే ఇస్తుంటే సంఘం చేసేదేముందని అడిగేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. ప్రభుత్వం ఇచ్చేదానికి, మనిషి చేతికి అందేదానికి మధ్య ఒక కాగితం దూరం ఉంటుంది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ చేసినట్టు మనం ఏం చేయగలమని కొందరు నిట్టూరుస్తారు. 1969లో వచ్చిన ఆ మాజీ జెస్యూట్ (ఒక కతోలిక గురువుల సభ) కట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి దాకా ఎదిగిన సంస్థ, అదీ మతసంస్థ కాదు. 80 ఇళ్ల సంఘం దానితో పోటీ పడక్కర్లేదు. రెండు ఆదివారాలు వరుసగా రాని ముసలామె ఎందుకు రాలేదో ఈ 80 ఇళ్లకు తెలిసినట్టు ఎంత పెద్ద సంస్థకూ తెలియదు.

వడ్డీ

నూటికి మూడు రూపాయల వడ్డీ మన ఊళ్లలో ఎవరికీ వింతగా అనిపించదు. 10,000కు నెలకు 300, ఏడాదికి 3,600, అసలు అలాగే ఉంటుంది. అవసరం గట్టిదైతే ఐదు, వారం చీటీలైతే ఇంకా పైకి. నిర్గమకాండము 22:25 బీదవాడికిచ్చిన అప్పుకు వడ్డీ కట్టకూడదంటుంది. ఆ వాక్యం మీద ప్రసంగం వినడం కష్టం. ఎందుకంటే కొన్ని సంఘాల్లో వడ్డీకి తిప్పేవాళ్లే ముందు వరుస పెద్దలు.

సంఘం 50,000 పక్కన పెట్టగలిగితే వడ్డీ లేకుండా ఐదుగురికి 10,000 చొప్పున ఇచ్చి, నెలకు వెయ్యి లెక్కన పది నెలల్లో రాబట్టొచ్చు. కాగితం మీద తేలికే. నడిచేటప్పుడు మొదటి ఐదు అప్పులూ కమిటీవాళ్ల బంధువులే తీసుకుంటారు. ‘దేవుని డబ్బే కదా’ అని ఆలస్యం చేస్తారు, గట్టిగా అడిగితే సంఘం మానేస్తారు. ఏడాదిన్నరకు నిధి ఎండిపోతుంది. దీనికి విరుగుళ్లు లేకపోలేదు. కమిటీలో ఉన్నవాళ్లకు, వాళ్ల ఇళ్లలోవాళ్లకు అప్పు లేదని ముందే రాసుకోవాలి. మొదట 30,000తోనే మొదలుపెట్టి 20,000 కదపకుండా ఉంచాలి. పెళ్లిళ్లకు ఇవ్వకూడదు. ఆసుపత్రికి, కాలేజీలో చేరేటప్పుడు కట్టే హాస్టల్ డబ్బుకు, ఉన్న వడ్డీ అప్పు తీర్చడానికి మాత్రమే ఇవ్వాలి. కంతులు కోతల నెలల్లో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ పెట్టాలి. అయినా ఒకరిద్దరు ఎగ్గొడతారు. పదికి ఒకటి పోతుందని ముందే లెక్కలో రాసుకోలేని సంఘం అప్పు జోలికి పోకుండా నేరుగా సాయమే చేయడం మేలు. ఈ విషయంలో నాకు పూర్తి ధైర్యం లేదు. డబ్బు వసూలు మనుషుల్ని విడదీసినంత వేగంగా ఇంకేదీ విడదీయదు.

పని చేయనివాడు తినకూడదని పౌలే అన్నాడు కదా అనేవాళ్లూ ఉంటారు. 2 థెస్సలొనీకయులకు 3:10 చెప్పేది పని చేయనొల్లనివాడి గురించి. బేతంచెర్ల నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడైనవాడు ఆ వచనం కిందికి రాడు.

ఎర చూపారనే మాట

బయటివాళ్లకు సాయం చేస్తే మతం మార్చడానికే అంటారు, చేయకపోతే మీవాళ్లకే చేసుకుంటారంటారు. ఈ ఇరుకు నిజమైనదే. గలతీయులకు 6:10 అందరికీ మేలు చేయమంటూనే విశ్వాస గృహానికి చెందినవారికి విశేషంగా అంటుంది, కాబట్టి ఎక్కువ భాగం లోపలికే పోవడంలో తప్పు లేదు. పద్దులో నాలుగో వంతైనా బయటికి పోవాలని నేనంటాను. అది ప్రార్థన కూడికకు సంబంధం లేని రోజున, కరపత్రం లేకుండా, వాళ్లు అడగకుండా ప్రార్థన చేయకుండా పోవాలి.

ప్రార్థన లేకుండా ఇస్తే అది సంఘం పని ఎట్లా అవుతుందని నొచ్చుకునేవాళ్లుంటారు. లూకా 10లో సమరయుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాలు కట్టాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఆ కథలో అతను ఒక్క బోధ కూడా చేయలేదు.

1876-78 కరువు మన జిల్లాలను ఊడ్చేసింది. ఆ రోజుల్లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చేవాళ్లు ఎవరో, నమ్మి వచ్చేవాళ్లు ఎవరో తేలదని. సాయం పని అయిపోయాక 1878 జూలై 3న, మన నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంత జాగ్రత్త పడ్డా ‘బియ్యానికి మారారు’ అనే మాట ఆగలేదు. ఆగదు కూడా. అయితే తన వైపు నుంచి రెండింటినీ విడిగా ఉంచాడని చెప్పుకోవడానికి ఆయనకు తేదీలున్నాయి. మన సంఘాల్లో పంపకం, నమ్మమనే పిలుపు ఒకే వేదిక మీద, ఒకే మైకులో జరుగుతాయి.

కూలి బాకీ ఉన్నవాడి కానుక

దానం గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, బీదవాడికి మన వల్ల జరిగే నష్టంలో పెద్దది కూలి దగ్గర జరుగుతుంది. యాకోబు 5:4లో మొర పెట్టేది చేను కోసినవాళ్ల కూలి. ఇవ్వకుండా పట్టుకున్న ఆ కూలే. క్రైస్తవ యాజమాన్యం నడిపే బళ్లలో ఆయాలకు, వాచ్‌మన్‌లకు జీతం ఏ తేదీన పడుతుందో అడిగి చూడండి. మేస్త్రీలుగా, చిన్న కాంట్రాక్టర్లుగా పైకొచ్చిన విశ్వాసులు చాలామంది ఉన్నారు. శనివారం ఇవ్వాల్సిన కూలి ‘బిల్లు రాలేదు’ అని రెండు శనివారాలు దాటిస్తారు. ఆ రెండు వారాలు ఆ కూలి ఇల్లు నూటికి ఐదు వడ్డీ మీద నడుస్తుంది.

కోత పండగకు సంఘంలో కానుకగా తెచ్చిన పంటల వేలంలో గుమ్మడికాయకు ఐదు వేలు పాడి చప్పట్లు కొట్టించుకునేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే అర్పణను బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5:23-24లో ఉంది. దాన్ని వేలం పాటకు వర్తింపజేయాలని నా వాదన. కోశాధికారి పోలీసు కాదు, అందరి కూలి లెక్కలూ తవ్వక్కర్లేదు. కూలి మనిషే వచ్చి ఫలానా విశ్వాసి నాకింత బాకీ అని చెబితే, మత్తయి 18 చెప్పినట్టు ముందు ఒకరు పోయి అడగాలి, వినకపోతే ఇద్దరు ముగ్గురు పోవాలి. తేలేదాకా ఆయన పాటకు రసీదు రాయకూడదు. కూలి మనిషి మన సంఘంవాడు కాకపోయినా, ఏ మతంవాడైనా ఇదే వరస.

ఇట్లా చేస్తే పెద్ద పాటలు పాడేవాళ్లు పక్క సంఘానికి పోతారని కమిటీలు భయపడతాయి. కొందరు పోతారు కూడా. వేలం రాబడి సగానికి పడిపోయే ఏడాది ఒకటి రావచ్చు. దానికి తగ్గట్టు మిగతా పద్దులు కోసుకోవాలి, బీదల పదోవంతు జోలికి మాత్రం పోకుండా.